సాంచెల షెడ్డులో పాట కచేరీ: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు భాగంలో మూతబడ్డ ఒక సాంచెల (కరెంటు మగ్గాల, అంటే పవర్‌లూమ్) షెడ్డును పాటలకు, నాటకాలకు, బొమ్మల ప్రదర్శనలకు అద్దెకిస్తున్నారు. గేటు మీద కొత్త పేరు రాయించారు గానీ మనవాళ్లెవరూ ఆ పేరు పలకరు, కార్ఖానా అనే అంటారు. మా భజన మండలిలో నేను హార్మోనియం వాయిస్తాను. షెడ్డు తెరిచినప్పటి నుంచీ మా రిహార్సళ్లన్నీ, కార్యక్రమాల్లో సగం అక్కడే. మైకు తగ్గించి పాడేవాళ్లకు మా వైపు దీన్ని మించిన జాగా లేదు. డీజే బాక్సులు దింపేవాళ్లు మాత్రం డబ్బు దండగ చేసుకోవద్దు.

నాలుగు వైపులా సిమెంటు గోడలు, కింద గట్టి గచ్చు, పైన రేకులు. సాంచెలు ఆడినన్నాళ్లూ లోపల మోత తొంభై డెసిబెల్స్ దాటేది, గోడల సంగతి ఎవరికి పట్టింది? సాంచెలు తీసేశాక మిగిలింది ఖాళీ డబ్బా. ఒక్క చప్పట్టు కొడితే రెండు మూడు సెకన్లు గుయ్యిమనేది. మాట తేటగా వినబడాలంటే ఆ మోగుడు సెకను అటూ ఇటూగా ఆగిపోవాలి. మొదట్లో డగ్గా (తబలా జోడీలో పెద్దది) దెబ్బలన్నీ కలిసి ముద్దయ్యేవి. నేను హార్మోనియం మెట్టు మీద వేలు తీసేసినా పంచమం ఇంకా గాల్లోనే ఉండేది.

దీనికి మందు ఊళ్లోనే దొరికింది. మచ్చపడో పోగు తప్పో అమ్మకానికి పనికిరాని చాదర్లు తెచ్చి గోడలకు వేలాడదీశారు. ముందు గోడకు ఆనించి మేకులు కొట్టారు, పెద్దగా తేడా రాలేదు. తర్వాత ఎవరో తెలిసినాయన చెబితే జానెడు ఎడం వదిలి, పైపుకు కుచ్చులు కుచ్చులుగా తగిలించారు. గోడ అంచున గాలి కదలదు. గాలి ఆడేచోట బట్ట ఉంటేనే శబ్దం దానికి చిక్కుతుంది. ఆ జానెడుతో గొంతు, హార్మోనియం, తాళాలు విడివిడిగా వినబడసాగాయి. లోతు స్వరాలు మాత్రం బట్టకు లొంగవు, అందుకే పెద్ద బాక్సులు పెడితే ఇప్పటికీ రేకులు దడదడలాడతాయి. చాదర్లకు దుమ్ము బాగా పడుతుంది, ఏడాదికోసారైనా ఉతికిస్తే బాగుండు. తుమ్ములు వచ్చేవాళ్లు గోడవారగా కూర్చోకండి.

ఇక్కడి శ్రోతల సంగతి వేరే హాళ్లవాళ్లకు తెలియదు. ముందు వరసల్లో కూర్చునే పెద్దవాళ్లు చాలామంది జీవితమంతా సాంచెల మధ్య నిలబడి పనిచేసినవాళ్లు. ఆ మోతకు చెవి మొదట దెబ్బతినేది నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాల దగ్గర. అంటే అచ్చులు వినబడతాయి గానీ స, ష, త లాంటి హల్లులు జారిపోతాయి. సౌండు పెంచితే సరిపోతుందనుకుంటాడు ఆపరేటరు. "సప్పుడు ఇనొస్తుంది బిడ్డా, మాటే తెలుస్తలేదు" అంటుంది ముందు కూర్చున్న అవ్వ. అందుకే మేం కీర్తన నడక తగ్గించి, హల్లులు నొక్కి పాడతాం. బయటి నుంచి వచ్చే గాయకులకు ఈ ముక్క ముందే చెప్పడం మంచిది.

కప్పు గురించి చెప్పకపోతే అన్యాయం. రంపపు పళ్లలా వాలుగా లేచిన కప్పు, ప్రతి పంటికీ ఉత్తరం వైపు అద్దాలు. ఎండ నేరుగా పడకుండా వెలుతురు సమంగా రావాలనీ, పోగు తెగితే కంటికి కనబడాలనీ అలా కట్టేవారు. ఇప్పుడు ఆ వెలుతురు బొమ్మలకు పనికొస్తోంది. పగటిపూట ప్రదర్శన పెడితే గాజు ఫ్రేముల మీద కూడా మెరుపు కొట్టదు.

వానాకాలం రేకుల మీద చినుకు పడిందంటే కచేరీ ఆపుకోవాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో షోలాపూర్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ సెగకు తబలా చర్మం బిగిసి శ్రుతి పైకి పోతుంది. చలికాలం హాయి.

కరెంటుకు లోటు లేదు, సాంచెల కోసం వేసిన త్రీ ఫేజ్ లైనే ఉంది. కానీ ఎర్తింగ్ పాతది. లైట్లు, మిక్సరు ఒకే ఫేజు మీద పెడితే స్పీకర్లో జుయ్యిమంటూనే ఉంటుంది. జనరేటర్ ఉందంటారు, డీజిల్ మాత్రం మనమే పోయించుకోవాలి.

నాకు నచ్చనిది వెనక తలుపు. మనుషులు పోవాల్సిన దారికి అడ్డంగా కుర్చీలు పేరుస్తారు. ముంబైలో కమలా మిల్స్ ఆవరణలో 2017 డిసెంబరులో మంటలు లేచి 14 మంది చనిపోయారు, అదీ పాత మిల్లు జాగానే. ఎన్నిసార్లు చెప్పినా నిర్వాహకులు నవ్వి ఊరుకుంటున్నారు. మా కార్యక్రమం ఉన్న రోజు మేమే ముందొచ్చి ఆ కుర్చీలు తీసేస్తాం.

రాత్రి పదికి మైకు బంద్. మూసిన హాళ్లకు 2000 నాటి శబ్ద నిబంధనల్లో వెసులుబాటు ఉంది కదా అని కొందరు వాదిస్తారు. ఉంది గానీ, ఈ రేకుల సందుల్లోంచి చప్పుడంతా వీధిలోకే పోతుంది. ఇళ్ల మధ్య రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్. పక్కింట్లో పసిపిల్లలున్నారు, వాదన ఎందుకు?

అద్దె పూట లెక్కన. శ్రావణ పౌర్ణమికి మా నేతవాళ్లు జరుపుకునే మార్కండేయ రథోత్సవం దగ్గరపడితే తారీఖు దొరకదు, అప్పటి రిహార్సళ్లకు ఆషాఢంలోనే అడ్వాన్సు కట్టండి. నోటిమాట నమ్మకండి, రసీదు చేతికిచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.