థర్మాకోల్ పలకలతో మొక్కల గది కట్టుకోబోతున్నారా? సామగ్రి కొనే ముందు ఇది చదవండి

గ్రో టెంట్ (లోపల లైటు పెట్టి మొక్కలు పెంచే గుడ్డ గుడారం) కొనడానికి బదులు ఇంట్లోనే ఇన్సులేషన్ పలకలతో చిన్న మొక్కల గది కట్టుకోవాలనుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. నేను అదే పని చేశాను. పలకలు, మెరిసే షీటు, లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, వైర్లు అన్నీ మొక్కల గది సామగ్రి పేరుతో ఒకే విక్రేత దగ్గర కొన్నాను. నాలుగు నెలల తరువాత ఆ గదిని నా చేతులతోనే విప్పేశాను. పోయిన నారు గురించి బాధ ఉంది, కాని అది మళ్లీ పోసుకోవచ్చు. విప్పుతున్నప్పుడు పలకల వెనక కనిపించిన వైరు వల్లే ఇది రాయక తప్పదనిపించింది.

టెంటు వద్దనుకోవడానికి నా కారణాలు నాకున్నాయి. దాని గుడ్డ పలుచనిది, చలి రాత్రుల్లో లోపలి వెచ్చదనాన్ని నిలపలేదు. పైగా నా దగ్గరున్న మూలకు సరిపడే కొలతలో దొరకలేదు. అందుకే 1.2 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల ఎత్తుతో చెక్క రీపర్ల చట్రం నిలబెట్టి, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న థర్మాకోల్ పలకలు బిగించి, అతుకులన్నీ టేపుతో మూశాను. ఎంత గట్టిగా మూస్తే అంత మంచిదని విక్రేత చెప్పిన మాట నమ్మాను. ఆ మాట కోల్డ్ స్టోరేజీకి సరిపోతుందేమో గాని, లోపల లైటు వెలిగే గదికి సరిపోదు.

ఎందుకో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. లైటు తీసుకునే కరెంటు దాదాపు మొత్తం చివరకు ఆ గదిలోనే వేడిగా మారుతుంది. ఎల్‌ఈడీ అయినా అంతే. నా గదికి గోడలు, పైకప్పు, అడుగు కలిపి సుమారు 12.5 చదరపు మీటర్ల విస్తీర్ణం ఉంది. ఆ మందం థర్మాకోల్ గుండా, బయటికి లోపలికి ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, మొత్తం మీద 8 వాట్ల వేడి మాత్రమే బయటికి పోతుంది. అంటే 240 వాట్ల లైటు వెలిగించి తలుపు మూసి, గాలి ఆడనివ్వకుండా వదిలేస్తే, లోపలి వేడి బయటికన్నా 30 డిగ్రీల దాకా పెరుగుతుంది. టెంటు గుడ్డకు లోపంగా నేను భావించిన ఆ పలుచదనమే అక్కడ మొక్కలను కాపాడుతుంది.

ఈ సంగతి మొదటి నెలలోనే నాకు తెలియకపోవడానికి కారణం, సామగ్రితో వచ్చిన లైటు మీద ఉన్న అబద్ధపు అంకె. పెట్టె మీద 1000 వాట్లని ఉంది. నారు వెలుగు చాలక సన్నగా సాగిపోతుంటే అనుమానం వచ్చి, ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరుతో చూశాను. 108 వాట్లు చూపించింది. లైటు కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకెను పూర్తిగా పక్కన పెట్టి, గోడ ప్లగ్గు నుంచి అది నిజంగా ఎంత తీసుకుంటుందో, ఒక్కో జౌలు కరెంటుకు ఎన్ని మైక్రోమోల్‌ల (మొక్కకు పనికొచ్చే వెలుగుకు కొలత) వెలుగు ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఈ రెండూ చెప్పలేని వారి దగ్గర కొనవద్దు. నేను ఆ లైటు తీసేసి, వేరేచోట నిజమైన 240 వాట్ల లైటు తెచ్చి పెట్టిన రోజు నుంచి వెలుగు సమస్య పోయి వేడి సమస్య మొదలయింది. గది బయట 27 డిగ్రీలున్న మధ్యాహ్నం లోపల 36 డిగ్రీలు దాటింది, అదీ ఫ్యాన్ తిరుగుతుండగానే. 240 వాట్ల వేడిని కేవలం గాలి ద్వారా, 5 డిగ్రీల పెరుగుదలకు మించకుండా బయటికి పంపాలంటే గంటకు సుమారు 144 ఘనపు మీటర్ల గాలి కదలాలి. ఫ్యాన్ పెట్టె మీద అంతకన్నా ఎక్కువే రాసి ఉంది, కాని ఆ అంకె గొట్టం గాని ఫిల్టరు గాని తగిలించనప్పటిది. వాసన పట్టే బొగ్గు ఫిల్టరు తగిలించి, గొట్టాన్ని రెండు వంపులు తిప్పాక కదిలే గాలి అంతకన్నా బాగా తక్కువ.

తేమ సంగతి ఇంతకన్నా మొండిది. మొక్కకు పోసిన నీటిలో అతి కొద్ది భాగమే దాని ఒంట్లో మిగులుతుంది, తక్కినదంతా ఆకుల నుంచి గాలిలోకి వచ్చేస్తుంది. నేను రోజుకు మూడు లీటర్లు పోసేవాణ్ణి. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 23 గ్రాముల తేమను పట్టుకోగలదు కాబట్టి, నా గదిలోని గాలి అంతా కలిసి 66 గ్రాములకు మించి మోయలేదు. తక్కిన నీరు ఎక్కడికి పోవాలి? వెచ్చదనం పోతుందని రాత్రి ఫ్యాన్ ఆపేవాణ్ణి, అది నా తప్పే. తెల్లవారేసరికి అతుకుల వెంట, ఇంటి బయటి గోడకు ఆనుకున్న పలకల వెనక, నీరు చెమర్చి కారేది. థర్మాకోల్ తడిని పెద్దగా పీల్చదు గాని, దాన్ని పట్టుకుని ఉన్న రీపర్లు పీల్చాయి. విప్పినప్పుడు కింది రీపరు నల్లటి బూజుతో మెత్తబడి, స్క్రూలు చేతితో లాగితే వచ్చేశాయి.

లోపల అతికించమని ఇచ్చిన మెరిసే షీటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది మెత్తని పీవీసీ. కొత్త ప్లాస్టిక్ వాసన వారాల తరబడి పోలేదు. క్యాబేజీ, ముల్లంగి నారు తెల్లగా పాలిపోతుంటే పోషకాల లోపమనుకొని ఎరువు పెంచాను, ఫలితం లేదు. పక్కనే ఉన్న లెట్యూస్ మాత్రం బాగానే ఉంది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే కొన్ని థాలేట్ రసాయనాలు, మూసిన గదిలో ఆవిరై ఆకులను తెల్లబరుస్తాయి, క్యాబేజీ కుటుంబపు మొక్కలు వాటికి తక్కిన వాటికన్నా తొందరగా లొంగిపోతాయి. ఒక ట్రేని బయటికి మార్చాక కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. చవక టెంట్లలోనూ ఈ ప్రమాదం ఉంటుంది కాబట్టి, టెంటు కొనేవారు కూడా వాసన చూడకుండా కొనవద్దు. గోడలకు మెరుపు లేని తెల్ల రంగు వేసుకుంటే వెలుగు చక్కగా తిరిగి వస్తుంది, మెరిసే షీటు అవసరమే లేదు.

ఇక నిప్పు. పలకలు అగ్నినిరోధక రకానివని బిల్లు మీద రాసి ఇచ్చారు. మిగిలిన చిన్న ముక్కను ఆరుబయట, పటకారుతో పట్టుకొని, గాలికి ఎగువన నిలబడి అంటించి చూశాను. అగ్నినిరోధక మందు కలిపిన థర్మాకోల్ మంట తగిలినప్పుడు ముడుచుకుపోయి, మంట తీయగానే క్షణాల్లో ఆరిపోవాలి. నాది నల్లటి పొగ కక్కుతూ, మండే చుక్కలు కారుస్తూ చివరిదాకా కాలిపోయింది. నిజమైన అగ్నినిరోధక రకం కూడా పెద్ద మంటలో కాలుతుంది, అందుకే దానిని లోపలి వైపు కనీసం 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డుతో కప్పాలి. సామగ్రిలో ఆ బోర్డు లేదు, దాని ప్రస్తావన కూడా లేదు. బరువులోనూ మోసం ఉంది. ఘనపు మీటరుకు 20 కిలోల సాంద్రత అని చెప్పిన పలక, ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందానికి అర కిలో తూగాలి. నావి అందులో సగం కన్నా కాస్తే ఎక్కువ తూగాయి. వంటింటి తక్కెడతో ఐదు నిమిషాల్లో తేలే విషయాన్ని గది కట్టకముందే చూసుకోనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. విక్రేతను అడిగితే పరీక్షా పత్రం పంపారు, కాని అందులో ఉన్నది వేరే మందం, వేరే రకం పలక. డబ్బు తిరిగి ఇవ్వలేదు. పత్రం మీది రకం, మందం, తయారీ బ్యాచి మీ చేతికి వచ్చిన పలక మీది ముద్రతో సరిపోలకపోతే, సరుకు దించుకోకముందే వెనక్కి పంపండి.

వైరు సంగతి చివరికి ఉంచాను. సామగ్రితో వచ్చిన సూచనల ప్రకారం, పలకలో గాడి కోసి మామూలు పీవీసీ వైరును అందులో దించి, పైన షీటు అతికించాను. చూడడానికి ఎంతో శుభ్రంగా ఉండేది. కాని పీవీసీ వైరు థర్మాకోల్‌కు నేరుగా తగిలి ఉంటే, వైరు పైపొరను మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా థర్మాకోల్‌లోకి దిగిపోతుంది. థర్మాకోల్ కరిగి వైరుకు అంటుకుంటుంది, వైరు పైపొర బిరుసెక్కి పగులుతుంది. దీనికి తోడు, చుట్టూ థర్మాకోల్ కప్పేసిన వైరు తన వేడిని బయటికి వదలలేదు కాబట్టి, గాలి తగిలేలా ఉన్నప్పుడు మోయగల కరెంటులో దాదాపు సగమే సురక్షితంగా మోయగలదు. నేను వైరు లాగినప్పుడు లైటు దగ్గరి భాగం పలకకు అతుక్కుపోయి ఉంది, వంచిన చోట పైపొర చిట్లి రాగి కనిపించింది. ఆ రాగికి, కరెంటు పారే లోహపు పూత ఉన్న షీటుకు మధ్య ఉన్నది గోరు మందం కూడా కాదు. కింద తడి. చుట్టూ చివరిదాకా కాలే పలకలు. పిల్లలు పడుకునే గది పక్క గోడకు అవతలే.

ఇప్పటికే ఇలాంటి గది కట్టుకున్నవారు ఈ రోజే మెయిన్ ఆపి, ఒక్కచోటైనా షీటు విప్పి, పలకకు తగులుతున్న వైరును వంచి చూడండి. బిరుసుగా ఉంటే దాన్ని మళ్లీ వాడవద్దు. కొత్త వైరును పలకలకు బయట, గట్టి పైపులో నడిపించి, ప్లగ్గులు, లైటు డ్రైవరు (లైటుకు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే పెట్టె) గది వెలుపల నేలకు ఎత్తుగా బిగించి, ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే లైను ఆపే స్విచ్చి) ఎలక్ట్రీషియన్ చేత పెట్టించేదాకా లైటు వేయవద్దు.