ప్యాకేజీల పని పంచాలంటే ఏది మేలు: అందరికీ ఒకే రిపోనా, ప్యాకేజీకో రిపోనా, ఓవర్లేలా?

రిపోలో (ప్యాకేజీల సోర్సు ఫైళ్లుండే గిట్ భాండారం) కమిట్ హక్కున్న, అంటే నేరుగా మార్పులు చేర్చగల, కొద్దిమంది దగ్గరే మార్పులన్నీ పేరుకుపోయినప్పుడు, వలంటీర్లు నడిపే ప్రతి లినక్స్ డిస్ట్రోలోనూ (పంపిణీలోనూ) ఈ ప్రశ్న లేస్తుంది. చర్చ సాధారణంగా గిట్ ఎంత వేగంగా నడుస్తుంది, రివ్యూ ఎక్కడ సులువు అన్నచోటే తిరుగుతుంది. నా మట్టుకు తేల్చేది అది కాదు. ఒక లైబ్రరీ సోనేమ్ (ప్రోగ్రామ్‌లు దాన్ని వెతుక్కునే, వెర్షన్ సంఖ్యతో కూడిన పేరు) మారిన రోజున దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీలను ఎవరు, ఏ వరుసలో మళ్లీ బిల్డ్ చేస్తారు? అవన్నీ వాడేవాళ్లకు ఒకేసారి చేరతాయా? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతావి సర్దుకుంటాయి.

యూనికోడ్ అక్షరాల పని చూసే ఐసీయూ లైబ్రరీనే తీసుకోండి. మేజర్ వెర్షన్ మారిన ప్రతిసారీ దాని సోనేమ్ మారుతుంది. పైగా ఫంక్షన్ల పేర్ల చివర కూడా వెర్షన్ సంఖ్య ఉంటుంది కాబట్టి, పాత పేరుతో సిమ్‌లింక్ (కొత్త ఫైల్‌కు దారి చూపే పేరు) పెట్టి గట్టెక్కుదామన్నా కుదరదు. ప్రోగ్రామ్ సింబల్ దొరకలేదంటూ ఆగిపోతుంది. దాని మీద ఆధారపడ్డ హార్ఫ్‌బజ్, క్యూటీ, వెబ్‌కిట్, లిబ్రేఆఫీస్ అన్నీ వరుసగా మళ్లీ బిల్డ్ కావాలి.

ఒకే రిపోలో ఈ పని చాలా శుభ్రంగా జరుగుతుంది. వాయిడ్ లినక్స్‌లో ఏ సోనేమ్ ఏ ప్యాకేజీదో చెప్పే ఎస్‌హెచ్‌లిబ్స్ (shlibs) అనే ఫైల్ ఒకటుంది. అందులో వరుస మార్చి, ఆధారపడ్డ టెంప్లేట్ల (ప్యాకేజీని ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఫైళ్ల) రివిజన్ పెంచి, మొత్తాన్ని ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు చేర్చుకోమనే అభ్యర్థనలో) పంపొచ్చు. రివిజన్లు పెంచడానికి ఎక్స్‌రెవ్‌బంప్ అనే స్క్రిప్ట్ ఉంది. ఆల్పైన్ డిస్ట్రోది కూడా ఒకే చెట్టు, అంటే ఒకే రిపో. చిక్కంతా హక్కుల్లోనే. తన ఒక్క ప్యాకేజీని చూసుకునే మనిషికి మొత్తం చెట్టు మీద కమిట్ హక్కు ఇవ్వలేం, ఇవ్వకపోతే అతని చిన్న అప్‌డేట్ కూడా క్యూలో కూర్చుంటుంది. నిక్స్‌ఓఎస్ డిస్ట్రో రిపో అయిన, లక్షకు పైగా ప్యాకేజీలున్న నిక్స్‌ప్యాకేజెస్‌లో తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులే వేలల్లో ఉంటాయి. అందుకే అక్కడ కమిట్ హక్కు లేని మెయింటైనర్ (ప్యాకేజీని చూసుకునే మనిషి) కూడా, కొన్ని షరతులకు లోబడి, తన ప్యాకేజీ మార్పును బాట్ ద్వారా మెర్జ్ చేయించుకునే ఏర్పాటు తెచ్చారు.

ప్యాకేజీకో రిపో పద్ధతిలో హక్కుల గొడవ తీరుతుంది. ఆర్చ్ డిస్ట్రో 2023 మే నెలలో సబ్‌వర్షన్ (గిట్‌కు ముందుతరం పద్ధతి) వదిలేసి, ప్రతి ప్యాకేజీకీ గిట్‌ల్యాబ్‌లో విడి రిపో ఇచ్చింది. ఫెడోరా ఎప్పటినుంచో ఇలాగే నడుస్తోంది. కానీ నలభై రిపోల్లో చేసిన మార్పులను ఒక్క కమిట్‌గా కట్టలేం. ఆ కట్టే పని బిల్డ్ సర్వర్ చేయాలి. ఇక్కడే ఫెడోరా సైడ్ ట్యాగ్ (బిల్డ్ సర్వర్‌లో ఒక మార్పు కోసం విడిగా తీసుకునే చోటు) నాకు నచ్చింది.

దాని వరుస ఇలా ఉంటుంది. సోనేమ్ మారబోతోందని కనీసం వారం ముందు ప్రకటించాలి, ఆధారపడ్డ ప్యాకేజీల మెయింటైనర్లకు చెప్పాలి. ఫెడ్‌ప్యాకేజ్ అనే కమాండ్‌తో సైడ్ ట్యాగ్ అడిగి తీసుకుని, ముందు లైబ్రరీని అందులోకి బిల్డ్ చేయాలి. తర్వాత ఫెడోరా బిల్డ్ సర్వర్ కోజీకి చెందిన వెయిట్-రిపో కమాండ్ నడిపి, ఆ ట్యాగ్ రిపో కొత్తగా తయారయ్యేదాకా ఆగాలి. తొందరపడేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఆగకుండా తర్వాతి ప్యాకేజీ పంపితే అది పాత లైబ్రరీతోనే లింకై, బిల్డ్ పచ్చగా పాసైపోతుంది. తప్పు బయటపడేది ఇన్‌స్టాల్ చేసినప్పుడే. ఆర్‌పీఎం ఆటోస్పెక్ వాడే ప్యాకేజీలకు ఖాళీ కమిట్ ఒకటి చాలు, రిలీజ్ సంఖ్య దానంతటదే పెరుగుతుంది. పరాయి రిపోల్లో ఈ కమిట్లు వేయడానికి ప్రూవెన్ ప్యాకేజర్లు ఉన్నారు, వాళ్లకు దాదాపు అన్ని ప్యాకేజీల మీదా హక్కుంది. అన్నీ అయ్యాక సైడ్ ట్యాగ్ మొత్తం, అప్‌డేట్లను విడుదల చేసే బోధిలో ఒకే అప్‌డేట్‌గా వెళ్తుంది.

సైడ్ ట్యాగ్‌ను వారాల తరబడి తెరిచి ఉంచడం మాత్రం ప్రమాదం. ఈలోపు ఎవరైనా అదే ప్యాకేజీని రాహైడ్‌లో (ఫెడోరా అభివృద్ధి శాఖలో) బిల్డ్ చేస్తే, ట్యాగ్‌లోనిది పాతబడిపోతుంది, దాన్ని మళ్లీ బిల్డ్ చేయాలి. లిబ్రేఆఫీస్ లాంటిదైతే గంటల పని.

ఆర్చ్‌లో రీబిల్డులు చేరే స్టేజింగ్ రిపో అందరికీ ఉమ్మడి. ఐసీయూ, బూస్ట్ లైబ్రరీల రీబిల్డులు ఒకేసారి అందులో చేరితే రెండూ పెనవేసుకుంటాయి. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది.

డెబియన్ దారి నెమ్మది, కానీ గట్టిది. లైబ్రరీ ప్యాకేజీ పేరులోనే సోనేమ్ సంఖ్య ఉంటుంది కాబట్టి, అది మారినప్పుడు కొత్త ప్యాకేజీగా న్యూ క్యూలో (కొత్త ప్యాకేజీలను పరిశీలించే వరుసలో) నిలబడాలి. అందుకే ముందు ఎక్స్‌పెరిమెంటల్ అనే ప్రయోగ రిపోలోకి పంపుతారు. రిలీజ్ టీం పచ్చజెండా ఊపాక, సోర్సును ముట్టుకోకుండానే ఆధారపడ్డ ప్యాకేజీలు మళ్లీ బిల్డవుతాయి, వెర్షన్ చివర ప్లస్ బీ1 చేరుతుంది. ఏ మెయింటైనర్ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు, కొత్త లైబ్రరీతో బిల్డ్ విఫలమైన ప్యాకేజీలకు తప్ప.

ఓవర్లేలు (ప్రధాన చెట్టు మీద అదనంగా పెట్టుకునే రిపోలు), యూజర్ రిపోలు: కొత్తవాళ్లు పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. జెంటూ డిస్ట్రో ఓవర్లే అయిన గురులో ఎవరైనా డెవ్ బ్రాంచ్‌కు రాయొచ్చు, నమ్మకస్తులు చూసి మాస్టర్‌లోకి తెస్తారు. అయితే ప్రధాన చెట్టులో ఒక ఈక్లాస్ (బిల్డ్ సూచనల ఉమ్మడి ఫైల్) తీసేస్తే దాన్ని వాడే ఓవర్లేలు విరుగుతాయి. ఆర్చ్ యూజర్ రిపో అయిన ఏయూఆర్‌లో రీబిల్డ్ భారం పూర్తిగా వాడేవాళ్లదే. పైథాన్ 3.12 నుంచి 3.13కు మారాక, పాత సైట్-ప్యాకేజెస్ డైరెక్టరీలో ఏవి మిగిలాయో ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్‌నే అడిగి, ఒక్కోటీ మళ్లీ బిల్డ్ చేసుకోవాలి. భద్రత సంగతి కూడా ఉంది. 2018 జులైలో అనాథగా వదిలేసిన ఆక్రోరీడ్ ప్యాకేజీని ఒకరు చేపట్టి హానికర కోడ్ చేర్చారు. 2025 జులైలో బ్రౌజర్ల పేరుతో వచ్చిన నకిలీ ప్యాకేజీలు రిమోట్ యాక్సెస్ ట్రోజన్ మోసుకొచ్చాయి. పంచాల్సింది రాసే హక్కు. అందరికీ చేరే రిపోలోకి వదిలే గేటు ఒక్కటే ఉండాలి.

ఫ్లాట్‌ప్యాక్ (డిస్ట్రో లైబ్రరీలతో పని లేకుండా అప్లికేషన్లు ఇచ్చే పద్ధతి) అప్లికేషన్ల వరకు బాగుంటుంది, డిస్ట్రో లైబ్రరీల సమస్యకు అది జవాబు కాదు.

కాబట్టి నా మొగ్గు ప్యాకేజీకో రిపో వైపే, ఒక షరతు మీద: బిల్డ్ సర్వర్‌లో సైడ్ ట్యాగ్ లాంటి వసతి పని చేస్తూ ఉండాలి. అది లేకపోతే ఒకే రిపోలోనే ఉండి, డైరెక్టరీకో బాధ్యుణ్ణి పెట్టి, వాళ్ల ఆమోదంతో మెర్జ్ చేసే బాట్ నడపండి. వసతి ఉంటే లోహిత్ తెలుగు ఫాంటు లాంటి, దేనికీ ఆధారం కాని ప్యాకేజీలను ముందు విడదీయండి. ఐసీయూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పైథాన్‌లను చివరికి ఉంచండి. అదీ, ఒక సోనేమ్ మార్పును మొదటినుంచి చివరిదాకా సైడ్ ట్యాగ్‌లో నడిపి చూశాకే.