కారుకి దాచిన కిల్ స్విచ్: కొన్నేళ్ల వాడకం, ఒక టేపు జాయింటు

ఇమ్మొబిలైజర్ (సరైన కీ కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లేని పాత పెట్రోలు కారు, బరంపురం సందులో రాత్రంతా బయటే ఉంటుంది. ఇక్కడ బండి పోతే తెల్లారేలోగా ఒడిశా సరిహద్దులోని గిరిసోల గేటు దాటి ఆంధ్రాలోని ఇచ్ఛాపురం వైపు వెళ్లిపోతుంది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల పోలీస్ స్టేషన్ల మధ్య తిరగాల్సిందే. అందుకే ట్యాంకు నుంచి ఇంజిన్‌కి పెట్రోలు తోసే పంపు రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, ఆపే డబ్బా) దాచిన స్విచ్ ఒకటి. అది ఆపితే పంపు తిరగదు. సామానంతా వెయ్యి రూపాయల లోపే. కొన్నేళ్లు వాడాక స్విచ్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టే ఆ జాయింటు మీద మాత్రం కోపం ఇంకా తగ్గలేదు.

పంపుకి వెళ్లే లావు తీగని ముట్టుకోలేదు. అందులో ఐదారు ఆంపియర్లు పారతాయి, చిన్న టాగుల్ స్విచ్ కాంటాక్టులు కొన్నాళ్లకి మాడిపోతాయి. రిలే కాయిల్ తీగ, అంటే 85, 86 పిన్నుల్లో ఏదో ఒకదానికి వచ్చే సన్న తీగని తెంపి మధ్యలో స్విచ్ పెడితే చాలు. కాయిల్ నిరోధం 85 ఓంల దగ్గర ఉంటుంది కాబట్టి పారేది 0.15 ఆంపియరే. దీనికి 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ కూడా ఎక్కువే. కొత్త బళ్లతో మాత్రం జాగ్రత్త. చాలావాటిలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, ఈ కాయిల్ మీద కన్నేసి ఉంచుతుంది, తెంపితే చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0230 లాంటి కోడు పడుతుంది. వాటికి రిలే 87 పిన్ను నుంచి పంపుకి వెళ్లే తీగలో విడిగా 40 ఆంపియర్ల రిలే పెట్టి, ఆ కొత్త రిలే కాయిల్‌ని స్విచ్‌తో నడపాలి. వారంటీలో ఉన్న బండిని అసలు ముట్టుకోవద్దు.

ఇక ఆ జాయింటు. స్విచ్ పెట్టిన ఎలక్ట్రీషియను స్విచ్‌ని చక్కగా దాచాడు, తీగలని మాత్రం డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ కిందే మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశాడు. గోపాల్‌పూర్ సముద్రం మనకి ఎంతో దూరం కాదు, గాలిలోనే ఉప్పు. వానాకాలంలో తడి చెప్పులతో ఎక్కితే కార్పెట్ కింది స్పాంజి నెలల తరబడి ఆరదు. టేపు జిగురు కరిగి జారింది, రాగి పోగులకి పచ్చటి చిలుము పట్టింది.

ఈ చెడిపోవడం ఒక్కసారిగా జరగదు, అందుకే అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. కీ తిప్పగానే పంపు రెండు సెకన్లు గుయ్‌మంటుంది, కాబట్టి పంపు బాగానే ఉందనుకుంటాం. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది, ఒక్కోసారి అంటుకోదు. తోస్తే మాత్రం వెంటనే స్టార్ట్! చూసినవాళ్లంతా బ్యాటరీ మార్చమంటారు. లెక్క వేరు. చిలుము పట్టిన జాయింటు దగ్గర మల్టీమీటరు పెడితే 4 వోల్టులు అక్కడే పోతున్నాయి, అంటే నలభై ఓంల అడ్డు. కీ తిప్పినప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులు ఇస్తుంది, కాయిల్‌కి ఎనిమిదికి పైగా అందుతాయి, రిలే అతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ పదికి పడుతుంది, కాయిల్‌కి ఏడు కూడా అందవు, రిలే అతుక్కోదు. తోసినప్పుడు సెల్ఫ్ భారం లేదు కదా, వోల్టేజి పడదు. ఇంత చిన్న విషయానికి బ్యాటరీ, పంపు మార్చేసుకునేవాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది.

స్టార్ట్ కాకపోవడం వరకూ ఓర్చుకోవచ్చు. గుంతల కుదుపుకి ఆ పోగులు ఒక్క క్షణం విడిపోతే నడుస్తున్న ఇంజిన్ ఆగిపోతుంది. తప్తపాణి ఘాట్ మలుపులో వానలో అదే జరిగింది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరి. దొంగతనం ఆపడానికి పెట్టినది ఘాట్‌లో మనిషిని ఇబ్బందిలో పడేయకూడదు.

తిరిగి చేయించినప్పుడు జాయింట్లు కార్పెట్ కింద నుంచి డ్యాష్‌బోర్డు వెనక పైకి వెళ్లాయి. లోపల జిగురున్న హీట్ ష్రింక్ బట్ కనెక్టర్లు (రెండు తీగల కొసలని కలిపే, వేడికి ముడుచుకునే గొట్టాలు) వాడాలి. తీగ 8 మిల్లీమీటర్లు వలిచి, ఒక్క పోగు కూడా బయట మిగలకుండా దూర్చి, రాట్చెట్ క్రింపింగ్ టూల్‌తో నొక్కి, గట్టిగా లాగి చూసి, అప్పుడు వేడి పెట్టాలి. అంచుల్లో జిగురు బయటికి ఉబికితేనే లోపలికి తేమ పోదు. ఉత్త సోల్డరింగ్ నాకు నచ్చదు. సోల్డరు ఆగిన చోట తీగ బిరుసెక్కి కుదుపులకి అక్కడే తెగుతుంది. జాయింటుకి రెండు వైపులా కేబుల్ టై వేసి కట్టాలి. పైన కంపెనీ వైరింగులాగే నల్ల బట్ట టేపు చుడితే వెతికే చేతికి తేడా తెలియదు. స్టీరింగ్ కింద, గ్లవ్ బాక్సులో స్విచ్ పెట్టొద్దు, ఎవరైనా మొదట తడిమేది అక్కడే.

ఇంకో మాట. ఇంజిన్ అంటుకుని కొన్ని సెకన్లకి ఆగిపోవడం మొదట్లో చాలా నచ్చింది, పెట్రోలు అయిపోయిందని దొంగ అనుకుంటాడని. ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో (ఫ్యూయల్ రైల్) మిగిలిన ప్రెషర్ వల్ల వచ్చే ఆ కొన్ని సెకన్లలో బండి సందు చివరిదాకా వెళ్లి రోడ్డుకి అడ్డంగా ఆగొచ్చని తర్వాత తోచింది. బండిని వేరే బండికి కట్టి లాక్కెళ్లే వాడిని ఇది ఎలాగూ ఆపదు. బీమా తగ్గింపు ఏఆర్ఏఐ (బళ్లని, పరికరాలని పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న పరికరాలకే, ఇలాంటి స్విచ్‌కి రాదు.

ఒకే డ్రైవరు, పాత బండి, ఊళ్లోనే ఎక్కువ తిరుగుడు అయితే పంపు కట్ నాకు సరిపోయింది. మోహన, రాయగడ వైపు తరచూ ఘాట్లు ఎక్కేవాళ్లకి సెల్ఫ్ కట్ మేలు. కీ నుంచి సెల్ఫ్ మోటారుని కలిపే సొలినాయిడ్‌కి వెళ్లే 50 నంబరు తీగలో రిలే పెడితే, జాయింటు చెడినా నడుస్తున్న ఇంజిన్ ఆగదు. తోసి స్టార్ట్ చేసే వీలు దొంగకి మిగులుతుంది, అది ఒప్పుకోవాలి. ఏది పెట్టినా సర్వీసుకి ఇచ్చేటప్పుడు స్విచ్ ఆన్‌లో వదిలి, మెకానిక్‌కి ఒక మాట చెప్పండి. వానాకాలం వెళ్లగానే, పంపు తిరుగుతుండగా జాయింటుకి అటూ ఇటూ మల్టీమీటరు పెట్టి చూడండి. 0.2 వోల్టులు దాటితే కోసి కొత్తది వేయించాలి.