మూడేళ్లు వాడిన కుర్చీ, దాని కింద ఒక పీట

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక ఆడిటరు కార్యాలయంలో రోజుకు ఎనిమిది గంటలు, రిటర్నుల గడువు ముంచుకొస్తే పది గంటలు కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం నాది. ప్లాస్టిక్ కుర్చీలో ఆరేళ్లు గడిచాక కుడి భుజం నుంచి మణికట్టు దాకా లాగడం మొదలై, జడ వేసుకోవడానికి చెయ్యెత్తడం కూడా కష్టమైనప్పుడు, వీపు వైపు వలగుడ్డతో, ఎత్తు మార్చుకునే వీలుతో ఉన్న కుర్చీని నా సొంత డబ్బుతోనే కొనుక్కున్నాను.

మొదటి నెలలో నడుము నొప్పి తగ్గింది గాని భుజం నొప్పి తగ్గలేదు. తప్పు కుర్చీది కాదు, బల్లది అని టేపు పెట్టి కొలిస్తే గాని తెలియలేదు. బల్ల ఎత్తు 30 అంగుళాలు. అయిదడుగుల రెండంగుళాల మనిషిని నేను పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే మోచేయి 25 అంగుళాల దగ్గరే ఉంటుంది కాబట్టి, టైపు చేస్తున్నంతసేపూ భుజాలు పైకి లేచి, కండరాలు బిగిసే ఉంటున్నాయన్నమాట. సీటు పైకి లేపితే మోచేతులు బల్లకు సమంగా వచ్చాయి, కానీ కాళ్లు వేలాడి, సీటు అంచు తొడలకు ఒత్తుకుని సాయంత్రానికి తిమ్మిరి పట్టేది. ఇంట్లో అమ్మ కూరలు తరిగేటప్పుడు కూర్చునే నాలుగంగుళాల చెక్కపీట తెచ్చి పాదాల కింద వేసుకున్నాకే ఈ కుర్చీకి పెట్టిన డబ్బు గిట్టుబాటయింది. పీటను చూసి నవ్విన మా గుమాస్తా గారు ఇప్పుడు రెండు పాత లెడ్జర్లు కాళ్ల కింద వేసుకుంటున్నారు.

మా ఊరి ఉక్కపోతకు వలగుడ్డ వీపు బాగా నప్పింది. సీటు స్పాంజి మాత్రం రెండో ఏడాదికే అణిగిపోయింది. చేతి ఆసరాలు సొరుగు అంచుకు తగిలి కుర్చీని ముందుకు రానివ్వవు. పూర్తిగా కిందికి దించి వాడుకోవలసిందే. ఇరవై ఆరో నెలలో, సీటును ఎత్తులో నిలిపి ఉంచే గ్యాస్ సిలిండరు పాడై, కూర్చున్న పావుగంటకే సీటు దిగిపోవడం మొదలైంది; వారంటీ దానికి వర్తించదని అమ్మినవారు చెప్పారు, రసీదులో ఆ మాట ఎక్కడా లేదు. చక్రాలకు చుట్టుకునే ఫైళ్ల దారాన్ని నెలకోసారి కత్తెరతో తీయాలి.

ఎంత మంచి కుర్చీ అయినా కదలకుండా కూర్చుంటే ఒళ్లు పట్టేస్తుంది గనుక, ప్రింటరును నా బల్ల మీద నుంచి తీయించి గది మూలన పెట్టించాను. కాగితం కావాలంటే లేవక తప్పదు. కిందటి నెల 20న, నెలవారీ జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-3బి) గడువు హడావుడిలో, కాగితాలు తెచ్చే పని అటెండరుకు అప్పగించాను. ఆ రాత్రి భుజం మళ్లీ లాగింది.