చూడనీకి నాయిన సైకిలే, తొక్కితే తెలుస్తది

మొన్న దసరాకు ఒక స్టీల్ సైకిల్ కొన్న. కంపెనీ పేరు ఎందుకులే గాని పాత కంపెనీనే, ఇప్పుడు "పాతకాలం స్టైల్" అని ఒక మోడల్ తెచ్చిండ్రు. 13 వేల చిల్లర. నల్ల రంగు, మడ్‌గార్డు మీద సన్న బంగారు గీత, వంపు హ్యాండిలు, కింద స్ప్రింగుల సీటు, షాపుల నిలబెడితే అచ్చం మా నాయిన సైకిలే అనిపించింది, ఇగ బేరం కూడ సరిగ చేయలే.

ఆరు నెలల నుంచి నల్గొండ గడియారం సెంటర్ కాడికెల్లి పానగల్ ఉదయ సముద్రం కట్ట దాకా రోజూ పొద్దున తొక్కుతున్న. ఫ్రేముకు మాత్రం వంక పెట్టేది లేదు. స్టీల్ కదా, గతుకుల మీద కొంచెం సాగినట్టు ఉంటది, చేతులకు దెబ్బ తగలదు. మా తమ్ముని అల్యూమినియం సైకిల్ అదే రోడ్డు మీద గుల్ల గుల్ల చేస్తది. వీపు నిటారుగ పెట్టి కూసుంటం కాబట్టి నడుము నొప్పి కూడ లేదు. బరువు అంటరా, కిరాణా షాపు కాంటా మీద పెడితే 18 కిలోలు చూపించింది, గేర్లు లేవు, ఎదురు గాలి కొడితే సచ్చినట్టు దిగి నడవాలె.

అసలు బాధ బ్రేకుల కాడ మొదలైంది. పాత సైకిల్‌కు వైరు కాదు, ఇనుప కడ్డీలు ఉండె గదా, ఆ కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు నుంచి పడుతుండె. అందుకే రిమ్ము కొంచెం వంకరైనా పట్టించుకునేటోళ్లు కాదు. దీనికేమో వైరు బ్రేకు, రబ్బర్లు రెండు పక్కల నుంచి పడతయి, ఒక గుంతల పడితే చాలు చక్రం తిరిగినప్పుడల్లా "చర్ చర్" అని రాస్తది. పైగా స్టీల్ రిమ్ము, వానల తడిస్తే జారుడే. వానల పాతదానికి కూడ బ్రేకు సక్కగ పడకపోయేది, అది ఒప్పుకోవాలె. కానీ రూపం అంతా పాతది పెట్టినోళ్లు ఆ కడ్డీలు కూడ పెట్టొద్దా?

ఇగ టైరు కథ. పానగల్ కాడ గాజు పెంక గుచ్చుకొని వెనక టైరు చీరింది. నెట్టుకుంట ప్రకాశం బజార్ల సైకిళ్లు బాగుచేసే చిచ్చా దగ్గరికి తీస్కపోయిన. దీని మీద 28 అని ఉంది, చిచ్చా దగ్గర ఉన్నదీ 28, సరిపోయింది అనుకున్నం. పెడితే వదులు! రిమ్ము మీద టైరు గాజు లెక్క తిరుగుతుంది. చిచ్చా అద్దాలు పైకి జరుపుకొని టైరు పక్కన చదివిండు, "బేటా, మన దేశీ సైకిల్‌ది 635, నీది 622, రెండిటినీ 28 అనే అంటరు." ఆ అంకెలు టైరు కూసునే కాడ రిమ్ము అడ్డకొలత, మిల్లీమీటర్లల. అంటే 13 మిల్లీమీటర్ల తేడా. ట్యూబ్ ఎట్లనో సర్దిండు గాని టైరు కోసం వారం రోజులు సైకిల్ ఇంట్లనే పడుంది, చివరికి ఆన్‌లైన్ల తెప్పించిన. 635 టైరు అయితే ఏ మండలంల అడిగినా దొరుకుతది, ఇంత పాత స్టైల్ అని చెప్పుకునేటోళ్లు అదొక్కటి ఉంచితే సరిపోతుండె.

క్యారియర్ గురించి అయితే నవ్వు కూడ వస్తది, దాని మీద స్టిక్కర్, "10 కిలోలు దాటొద్దు" అని. మా ఊర్ల గౌడన్నలు ఇటు రెండు అటు రెండు కల్లు లొట్లు కట్టుకొని పోతుండె, మా నాయిన తవుడు బస్తా మీద నన్ను కూసోబెట్టి తెచ్చిండు. చిచ్చా ఆ క్యారియర్ ఇప్పి పాత ఇనుప క్యారియర్ బిగించిండు, 350 తీసుకుండు.

కొనాలనుకునేటోళ్లు పైసలు కట్టే ముందు టైరు పక్కన 635 ఉందా 622 ఉందా చూసుకోండ్రి, 622 అయితే ఒక టైరు తెచ్చి ఇంట్ల పెట్టుకోండ్రి.

మా నాయినది అట్లాస్. 1951ల సోనీపత్‌ల పెట్టిన కంపెనీ, 2020 జూన్ 3న సాహిబాబాద్ ఫ్యాక్టరీ కూడ బంద్ పెట్టిండ్రు, చూడుండ్రి, అదే రోజు ప్రపంచ సైకిల్ దినం. ఆ సైకిల్‌ను ఎప్పుడో పాత సామాన్లోనికి అమ్మేసినం. చిచ్చా షాపుల మాత్రం అసుంటి ఫ్రేములు రెండు దూలానికి వేలాడుతున్నయి. ఒకటి అడిగిన. ఇస్త అనలే, ఇయ్య అనలే.