ఫోర్స్ టేబుల్ తెప్పించా: డబ్బులు పెట్టాల్సింది పుల్లీల మీద

ఇంజినీరింగ్ ఫస్టియర్ వాళ్లకీ డిప్లొమా వాళ్లకీ మెకానిక్స్ చెప్పేవాళ్లు ఎవరైనా ఫోర్స్ టేబుల్ (బరువులు వేలాడదీసి బలాలు ఎలా కలుస్తాయో, ఎలా బ్యాలెన్స్ అవుతాయో చూపించే బల్ల) కొందామా వద్దా అని ఆలోచిస్తుంటే ఇది చదవండి. ట్యూషన్ కోసం నాలుగు పుల్లీల సెట్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించా. ఇలాంటి ల్యాబ్ సామాన్లకి హర్యానాలోని అంబాలా పెట్టింది పేరు, నాది కూడా అక్కడి నుంచే వచ్చింది. గుండ్రటి ఇనప పళ్లెం, దాని చుట్టూ 0 నుంచి 360 దాకా డిగ్రీల గీతలు, అంచుకి బిగించే పుల్లీలు, నడిమధ్యలో ఒక పిన్ను, పిన్ను చుట్టూ చిన్న రింగు, రింగుకి దారాలు, దారాల చివర హ్యాంగర్లు, వాటి మీద పెట్టే గాటు బరువులు. అంతే సెట్టు.

ముందు మంచి చెప్తా ఎందుకంటే మంచి చాలానే ఉంది. 200 గ్రాములు ఒక పక్క, 200 గ్రాములు ఇంకో పక్క లాగితే మొత్తం ఎంత అని అడిగితే క్లాసులో సగం మంది 400 అనేస్తారు, కోణం ఎంత సార్ అని అడిగేవాళ్లు తక్కువ. ఈ బల్ల మీద ఆ రెండిటి మధ్య 60 డిగ్రీలు పెట్టి మూడోది వాళ్లనే వెయ్యమంటా, దాదాపు 346 గ్రాముల దగ్గర గానీ రింగు మధ్యకి రాదు. తర్వాత ఒక పుల్లీ లూజ్ చేసి కోణం 120కి జరిపి, మూడో పుల్లీని మళ్లీ ఆ రెండిటి సగానికి సరిగ్గా ఎదురుగా బిగించి బరువులు తీసుకుంటూ రమ్మంటే 200 దగ్గర ఆగుతుంది. మూడు సమానమైన బరువులు, మూడు సమానమైన కోణాలు, రింగు పిన్నుకి ఎక్కడా తగలకుండా చుట్టూ ఒకే గ్యాప్‌తో నిలబడుతుంది. అప్పుడు పిన్ను పీకేస్తా, అయినా రింగు కదలదు. పిల్లల మొహాలు చూడాలి అప్పుడు! రిజల్టెంట్ అంటే ఆ రెండూ కలిసి చేసే పని, ఈక్విలిబ్రంట్ అంటే దానికి సమానంగా సరిగ్గా ఎదురు లాగేది, ఈ తేడా ఎన్నిసార్లు బోర్డు మీద గీసినా ఎక్కనిది ఇక్కడ ఒక్కసారికే ఎక్కుతుంది.

లామీ థీరమ్ కూడా ఇక్కడే చూపించొచ్చు, మూడు బలాలు ఒక పాయింట్ దగ్గర బ్యాలెన్స్ అయితే ఒక్కో బలాన్ని మిగతా రెండిటి మధ్య కోణం సైన్‌తో భాగిస్తే మూడూ ఒకటే వస్తాయి. ఫ్రాన్స్‌లో లామీ దీన్ని 1687లో రాశాడు, అదే ఏడు అక్కడే వేరిగ్నాన్ కూడా, ఇంగ్లాండ్‌లో న్యూటన్ కూడా రెండు బలాల్ని పక్క భుజాలుగా గీసి కర్ణంతో కలిపే సమాంతర చతుర్భుజం సంగతి రాశారు, నాకు మాత్రం ఎప్పుడు తల్చుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, పుల్లీలు. నాలుగింట్లో మూడు బాగానే తిరిగాయి, ఒకటి బిగుసుకుపోయి ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే పుల్లీలో రాపిడి ఉంటే రింగు బ్యాలెన్స్ కానప్పుడు కూడా బ్యాలెన్స్ అయినట్టే కనిపిస్తుంది. బాగున్న పుల్లీల మీద 10 గ్రాములు ఎక్కువేస్తే రింగు జరిగింది, ఆ బిగుసుకున్నదాని మీద 20 గ్రాములు వేసినా ఉలకలేదు పలకలేదు. పిల్లాడు లెక్క తప్పు చేసినా టేబుల్ కరెక్టే అంటుంది, ఇంతకన్నా నష్టం ఏముంటుంది చెప్పండి. కుట్టుమిషన్ ఆయిల్ ఒక చుక్క వేశాక కాస్త మెరుగైంది గానీ మిగతా మూడింటితో సమానం కాలేదు. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే మార్చి పంపిస్తాం అన్నారు, ఇప్పటిదాకా రాలేదు. చెక్ చేసే పద్ధతి సింపుల్, బ్యాలెన్స్ అయ్యాక రింగుని వేలితో కొంచెం పక్కకి లాగి వదలండి, నాలుగు వైపులా లాగి చూడండి, ప్రతిసారీ మధ్యకే వస్తే ఆ రీడింగ్ నమ్మొచ్చు.

బరువులు పర్లేదు. తెలిసినవాళ్ల బంగారం కొట్లో కాటా మీద పెట్టి చూస్తే 100 గ్రాములవి సరిగ్గానే ఉన్నాయి, 50వాటిలో ఒకటి రెండు కాస్త తక్కువ తూగాయి. హ్యాంగర్ బరువు మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పాలి. ఒకమ్మాయి 0 డిగ్రీల దగ్గర 150, 90 దగ్గర 200 వేసి, ఈక్విలిబ్రంట్ 250 గ్రాములు 233 డిగ్రీల దగ్గర అని చక్కగా లెక్క కట్టి పెట్టింది, రింగు నిలబడలేదు. హ్యాంగర్ ఒక్కోటి 50 గ్రాములు కదా, అంటే నిజానికి అక్కడ లాగుతున్నవి 200, 250. వాటికి ఎదురు కావాల్సింది 320, తను పెట్టింది హ్యాంగర్‌తో కలిపి 300, కోణం కూడా దాదాపు 2 డిగ్రీలు తేడా. తప్పు ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంది, నేను ఒక్క మాట చెప్పలేదు, ఆ తర్వాత ఫ్రీ బాడీ డయాగ్రమ్‌లో (వస్తువు మీద పడే బలాలన్నీ గీసే బొమ్మలో) ఏ బలమూ వదిలెయ్యట్లేదు.

నాలుగో పుల్లీ ఉన్న సెట్టే తీసుకోండి, కాంపోనెంట్స్, అంటే ఒక బలాన్ని అడ్డంగా, నిలువుగా విడగొట్టడం చెప్పాలంటే అది ఉండాల్సిందే. 0 దగ్గర 100, 60 దగ్గర 200, 150 దగ్గర 150 పెట్టించండి. అడ్డంగా అన్నీ కలిపితే 70, నిలువుగా 248, రిజల్టెంట్ 258 గ్రాములు 74 డిగ్రీల దగ్గర వస్తుంది, కాబట్టి నాలుగోది 254 దగ్గర. కాయితం మీద ముందే లెక్క కట్టి, పుల్లీ బిగించి, బరువు వేసి, పిన్ను తీస్తే రింగు అక్కడే ఉండిపోవడం చూశాక ΣFx = 0, ΣFy = 0 (అడ్డం బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా) అనేది వాళ్లకి బట్టీ పట్టే ఫార్ములాలా అనిపించదు. ఒక లోటు ఏంటంటే సెట్‌లో 10 గ్రాములకన్నా చిన్న బరువులు ఇవ్వలేదు, 258 కావాలంటే 260తో సరిపెట్టుకోవాలి.

దారాల గురించి ఒక మాట. రింగుకి ముడి గట్టిగా వేసేస్తే దారం పక్కకి ఒరిగి సెంటర్ నుంచి పోదు, డిగ్రీలు తప్పొస్తాయి. లూజ్‌గా ఉచ్చులా వేస్తే దారం దానంతట అదే సర్దుకుంటుంది. పుల్లీ ఎత్తు కూడా చూసుకోండి, దారం పళ్లేనికి సమాంతరంగా ఉండాలి, కింద లెవెలింగ్ స్క్రూలు తిప్పి లెవెల్ గొట్టంలో బుడగ మధ్యకి తెచ్చుకున్నాకే మొదలుపెట్టండి.

ఇది చూపించలేనిది కూడా ఉంది. రెండు స్తంభాల మధ్య కట్టిన దండెం మధ్యలో 10 కేజీల తడి దుప్పటి వేస్తే తాడు 30 డిగ్రీలు దిగినప్పుడు ఒక్కో వైపు లాగుడు 10 కేజీలు, 5 డిగ్రీలే దిగేలా బిగిస్తే 57 కేజీలు దాటుతుంది. లెక్క ఇదే లెక్క, కానీ ఈ బల్ల మీద చూపిస్తే ఆ తాడు తెగుతుందన్న భయం రాదు, దానికి గోడకి రెండు స్ప్రింగ్ బ్యాలెన్సులు తగిలించి వేరేగా చూపిస్తున్నా. మొమెంట్లకి, అంటే బలం ఒక వస్తువుని తిప్పే సంగతికి కూడా ఇది పనికిరాదు, అన్ని బలాలూ ఒకే పాయింట్ గుండా పోతాయి కాబట్టి ఇక్కడ తిప్పడం అనేదే ఉండదు, బీమ్ రియాక్షన్లకి (దూలాన్ని మోసే ఆధారాలు ఇచ్చే ఎదురు బలాలకి) వేరే సెట్ కావాలి.

బ్యాచ్‌కి పది పన్నెండు మంది ఉంటే ఒక టేబుల్ చాలు, అంతకన్నా ఎక్కువైతే వెనక ఉన్నవాళ్లకి రింగు కనపడదు. నేనైతే నాలుగు స్టార్లు ఇస్తా, తగ్గించిన ఆ ఒక్కటీ పుల్లీకే. ఆర్డర్ పెట్టేముందు పుల్లీలో బాల్ బేరింగ్ ఉందా, గోళీలు లేని ఉత్త బుష్‌యేనా అని అడగండి, బేరింగ్‌ది కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి, తిరిగేటప్పుడు వీడియో తీసి పంపమనండి.