కేస్ రిపోర్టా, స్టడీయా? పీజీలో మొదటి పేపర్‌కి ఏది?

తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చిన కూలీకి కనురెప్పలు వాలిపోతున్నాయి. ఒంటిమీద కాటు గుర్తు ఎక్కడా లేదు. చివరికి తేలింది కట్లపాము. ఇలాంటి కేసు చూసిన పీజీ డాక్టర్‌కి ఒకటే డౌట్: దీన్నొక్కదాన్నే కేస్ రిపోర్ట్‌గా రాయాలా, ఇలాంటివన్నీ పోగేసి స్టడీ చేయాలా?

ఖర్చు: రిపోర్ట్‌కి పెద్దగా ఉండదు, జర్నల్ ఫీజు అడిగితే తప్ప. స్టడీ కోసం అదనంగా చేసే టెస్టుల డబ్బు పేషెంట్ మీద వేయకూడదు.

శ్రమ: రిపోర్ట్‌కి 2013లో వచ్చిన కేర్ (CARE) చెక్‌లిస్ట్, అంటే కేస్ రిపోర్ట్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితా, పక్కన పెట్టుకుని కూర్చుంటే చాలు. స్టడీకి ఎథిక్స్ కమిటీ, శాంపిల్ సైజు, ఫాలో అప్. మందు ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ని చేర్చకముందే సీటీఆర్ఐలో (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్. ఫాలో అప్‌కి రానివాళ్లకి ఫోన్లు చేయడమే సగం పని.

రిస్క్: రిపోర్ట్‌లో పేషెంట్ ఎవరో తెలిసిపోవచ్చు. ఫొటోలో కళ్లకి నల్లపట్టీ వేస్తే సరిపోదు, రాతపూర్వక సమ్మతి కావాలి. ఒక్క కేసుతో మందు పనిచేసిందనీ చెప్పలేం. అలాగని చిన్నచూపు వద్దు: 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురి న్యుమోనియా గురించిన రిపోర్టే ఎయిడ్స్‌పై తొలి కబురు.

ఎండీ థీసిస్‌కైతే స్టడీ తప్పదు. పుస్తకాల్లో లేని లక్షణం కనిపిస్తే రిపోర్ట్. కట్లపాము కేసులు మీ వార్డుకి ప్రతి వానాకాలం వస్తుంటే మాత్రం అన్నీ లెక్కపెట్టి స్టడీ చేయడమే మేలు. కాటు గుర్తు లేకపోవడం కొత్త సంగతేం కాదు.